మా వదిన సైకిలు మార్చాలా, వద్దా

మా వదిన సైకిలు వాళ్ళింటి హాల్లో ఉంటుంది. సోఫాకీ టీవీకీ మధ్య, గోడకి ఆనించి. ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్ని తప్పించుకుని తర్వాతే కూర్చోవాలి. పదకొండేళ్ళుగా ఇదే వరస. మా అన్నయ్య దాన్ని ఇల్లరికపుటల్లుడు అంటాడు. మంచి చోటు చూసుకుని కూర్చుంటుంది, రోజూ తుడవాలి, ఒక్క మాటన్నా ఇంటావిడకి కోపం. పనిచెయ్యదని మాత్రం అనకూడదు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ దూరం తిరిగింది అదే.

అది మామూలు సైకిలు కాదు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పందెం ఒకటుంది, ట్రయథ్లాన్ అంటారు. దాని కోసమని చేసిన సైకిలు. హ్యాండిలు మధ్యలోంచి రెండు కొమ్ములు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. మోచేతులు మెత్తల మీద ఆనించి, ఆ కొమ్ములు పట్టుకుని, తల దించి, వీపు బల్లపరుపుగా పెట్టి తొక్కాలి. గాలి తగలకుండా జారిపోవాలట. ఎదురుగా వచ్చేవాళ్ళకి మనిషి కనపడదు, హెల్మెట్ ఒక్కటే తనంతట తాను వస్తున్నట్టు ఉంటుంది.

నేనూ ఒకసారి సరదాపడి ఎక్కాను. వదిన బూట్లు నాకు సరిగ్గా సరిపోయాయి, అది వేరే అవమానం. ఆ బూట్లు పెడల్‌కి టక్కున అతుక్కుంటాయి. ఊడదీయాలంటే మడమ పక్కకి తిప్పాలట. ఆ సంగతి నాకు పడ్డాక చెప్పారు. వీధి మలుపులో ఆగాను, కాలు కింద పెడదామంటే కాలు రాలేదు. కొట్టేసిన చెట్టులా, ఏ తొందరా లేకుండా పక్కకి ఒరిగి, ఒకావిడ టమాటాల తట్టలో పడ్డాను. రెండు కిలోలు కొన్నాను. అప్పటినుంచీ దాని గురించి మాట్లాడతాను గానీ, దాని మీద కూర్చోను.

మా వదినకి నలభై తొమ్మిదేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఆవిడది. కిటికీ లేని గది. ఒక కుర్చీ, ఎదురు గోడ మీద వెలిగే అక్షరాల బోర్డు, ఒక పెట్టె నిండా గుండ్రటి అద్దాలు. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఖాళీ ఫ్రేము తగిలించి, అందులో ఒక్కో అద్దం వేస్తూ తీస్తూ “ఇది బాగుందా, ఇదా?” అని అడగడం ఆవిడ ఉద్యోగం. రోజుకి పాతిక ముప్ఫై మంది. ఇంటికొచ్చాక మా అన్నయ్య రెండు చొక్కాలు చూపించి ఏది వేసుకోమంటావని అడిగితే, డ్యూటీ అయిపోయింది అంటుంది.

ఆవిడ ముప్ఫై ఎనిమిదో ఏట ఆ దుకాణం ఎదురుగా ఈతకొలను తెరిచారు. మధ్యాహ్నం భోజనం వేళ అరగంట క్లాసు. భుజాలకి గాలిబుడగలు కట్టుకున్న ఆరేళ్ళ పిల్లల మధ్య దిగింది మా వదిన. మొదటిరోజు ఒక పాప వచ్చి, ఆంటీ, ముక్కు మూసుకుంటే ఏమీ కాదు, నేను చూస్తుంటా కదా అని ధైర్యం చెప్పిందట. ఏడాదిలో పొట్టి పందెం పూర్తి చేసింది. మరో మూడేళ్ళకి పెద్దది. పెద్దదంటే రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ ఈత, తొంభై కిలోమీటర్లు సైకిలు, ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒక్కరోజే. మధ్యలో భోజనం ఉండదా అని అడిగాను. ఉండదట.

అప్పటినుంచీ ఏటా అదే పందెం. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఆవిడ లేస్తే మా అన్నయ్యా లేస్తాడు, టీ పెట్టి, సీసాల్లో నీళ్ళు నింపి, చక్రాల్లో గాలి చూస్తాడు. రెండు గంటలు తొక్కి వచ్చి, స్నానం చేసి, తొమ్మిది గంటలు నిలబడి అద్దాలు మార్చి, సాయంత్రం కొలనుకి వెళ్ళి, ఇంటికొచ్చి ఇంత అన్నం తిని పడుకుంటుంది. మెట్లు ఎక్కడం బాగానే ఎక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కవాటంగా, పీతలా దిగుతుంది. చూసినవాళ్ళందరూ ఆహా అంటారు. మా స్కూల్లో నేనూ చెప్పుకుంటాను. లెక్కల మాస్టారికి గొప్పలు చెప్పుకోడానికి ఇంకేం దొరుకుతాయి.

చిక్కంతా నిరుడొచ్చింది. ఆ పందెంలో ఒక నియమం ఉంది. సైకిలు భాగం వాళ్ళు చెప్పిన టైములోపు ముగించకపోతే పరుగుకి వదలరు. అంతకుముందు ఏడాది నాలుగు నిమిషాల తేడాతో గట్టెక్కింది. నిరుడు మూడు నిమిషాలు ఆలస్యమైంది. గీత దగ్గర ఒక పెద్దావిడ ఎంతో మర్యాదగా ఎదురొచ్చి, సారీ అమ్మా అని, వంగి, చీలమండకి కట్టిన టైము పట్టీని చిన్న కత్తెరతో కత్తిరించేసింది. తర్వాత వదినని ఆలస్యమైన మిగతావాళ్ళతోపాటు వ్యానులో ఎక్కించారు.

అంతవరకూ పరవాలేదు. మా అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్. పందేనికి ముందు పసుప్పచ్చ టీషర్టులు పన్నెండు వేయించాడు. వాటి మీద వదిన బొమ్మ, కింద ఇంత లావు అక్షరాలతో “ఆగేది లేదు”. చుట్టాలందరం అవి తొడుక్కుని రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నాం. వ్యాను మా ముందునుంచే వెళ్ళింది. కిటికీ పక్కన వదిన. మేం చప్పట్లు కొట్టాలా, చేతులు దించాలా తెలియక, సగం కొట్టి ఆపేశాం. నేను మాత్రం చేతులు కట్టుకుని అక్షరాలు కనపడకుండా చూశాను. వదిన మమ్మల్ని చూసి చెయ్యూపింది. ఆ చెయ్యి ఊపిన తీరు నాకు చాలా రోజులు గుర్తుంది, బస్సులో ఊరెళ్ళే మనిషి ఊపినట్టు ఊపింది.

ఈ ఏడాది పందేనికి మళ్ళీ పేరిచ్చింది. ఏడు వారాలుందనగా ప్రశ్న బయటికొచ్చింది. లోపం సైకిలుదా, నాదా అని అడిగింది వదిన.

సైకిలుదైతే బాగుచెయ్యొచ్చు, లేదా కొత్తది కొనొచ్చు. తనదే అయితే ఇక మానేస్తానంది. చాలా మామూలుగా, పొయ్యి మీద పాలు చూడమన్నట్టు అంది. అన్నయ్య నవ్వేశాడు. “నీదా? నువ్వు చెయ్యగలవు. సైకిలే ముసలిదైపోయింది.”

ముసలిదన్న మాట నిజమే. మొదటే ఎవరో వాడి వదిలేసినది కొన్నారు. వదిన చెమట ఏళ్ళ తరబడి ఒకే చోట పడీ పడీ హ్యాండిలు మొదట్లో రంగు లేచిపోయి, బోల్టు ఉప్పు పట్టి తిరగడం మానేసింది. మోచేతుల మెత్తలు చిరిగిపోతే అన్నయ్య పాత చెప్పుల అట్టలు కోసి అతికించాడు. అయిదో గేరు నిలబడదు. వేస్తే ఒక క్షణం ఆలోచించి నాలుగులోకో ఆరులోకో దాని ఇష్టమొచ్చిన దాంట్లోకి పోతుంది.

దాన్ని మేం చెవులాయన అని పిలిచే మెకానిక్కు దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయనకి చూపు మీద నమ్మకం లేదు. చక్రం తిప్పి, ఇరుసు మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. ఆ రోజు ముందు చక్రం విన్నాడు, వెనక చక్రం విన్నాడు, పెడళ్ళ దగ్గర చాలాసేపు విన్నాడు. లేచి, ఫ్రేము గట్టిదే అన్నాడు. చక్రాలు, గొలుసు, గేర్లు, పెడళ్ళ ఇరుసు, కొమ్ములు, సీటు మారిస్తే బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు. ఇక మిగిలిందేముంది అని అడిగాను. ఇంజను, అన్నాడు వదిన వైపు చూపించి. అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది గానీ అందరికంటే ముందు ఆపేసింది.

అన్నయ్య ఓటు కొత్త సైకిలుకే. పెద్ద బజారులో ఒక షోరూము ఉంది. అందులో తెల్ల చొక్కా ఆయన ఒక నల్ల సైకిల్ని చిటికెన వేలితో ఎత్తి చూపించాడు. దాన్ని తాకడానికి ముందు నేను చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను, ఎందుకో తెలీదు. అన్నయ్య పొగుడుతున్నకొద్దీ వదిన మాట్లాడటం తగ్గించేసింది. రెండు వారాలు పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తేల్చకుండా గడిపింది. చివరికి మా ఇంటికి వచ్చి, పరీక్ష పెడదామంది.

పరీక్ష ఇలా. ఊరి చివర రిజర్వాయరు చుట్టూ పది కిలోమీటర్ల రోడ్డుంది. ఆదివారం పొద్దున మూడు రౌండ్లు. ముందు పాత సైకిలు, తర్వాత షోరూము వాళ్ళు ఒక్క పూటకి ఇచ్చిన కొత్తది, మళ్ళీ పాతది. టైము తను చూడదు. తెలిస్తే కాళ్ళు మోసం చేస్తాయంది, ఎవరికి ఏది బాగుండాలని ఉంటే దాని మీద ఎక్కువ తొక్కేస్తారంది. అందుకని తన చేతి గడియారం విప్పి నాకిస్తుంది. నేను గీత దగ్గర కూర్చుని, వెళ్ళినప్పుడు ఒక నొక్కు, వచ్చినప్పుడు ఒక నొక్కు. మూడూ అయ్యేదాకా నోరు మెదపకూడదు. అన్నయ్యని ఎందుకు కూర్చోబెట్టవని అడిగితే, మీ అన్నయ్య మొహంలో అంకెలు కనపడిపోతాయి, నీ మొహంలో ఎప్పుడూ ఏమీ ఉండదు అంది. దాన్ని పొగడ్తగా తీసుకున్నాను.

నా తప్పు ఏమిటంటే, అంతకు ముందు వారమంతా పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉన్నాను. మడత కుర్చీ వేసుకున్నాను, ఫ్లాస్కు పక్కన పెట్టుకున్నాను. మొదటి రౌండు శుభ్రంగా నొక్కాను. ఇరవై మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. కాగితం మీద రాశాను. వదిన కొత్త సైకిలెక్కింది. నొక్కాను. నీళ్ళ మీదనుంచి చల్లగాలి వస్తోంది. చేతులు కట్టుకున్నాను.

తర్వాత నాకు తెలిసింది గడియారం కీచుమనడం. కట్టుకున్న చేతుల మధ్య ఏ మీట నొక్కుకుందో, టైము ఎప్పుడో ఆగిపోయి ఉంది. లెక్కపెట్టిన టైము ఉంచాలా, తీసెయ్యాలా అని తెర మీద అడుగుతోంది. నిద్రమత్తులో నొక్కాను. తీసేసింది. మొదలైన వేళ రాసుకున్నానా అంటే అదీ లేదు. క్లాసులో నా పిల్లలు ఈ పని చేస్తే గోడ కుర్చీ వేయించేవాణ్ణి. తలెత్తేసరికి మలుపులో నల్ల సైకిలు మీద వదిన వస్తోంది. గీత దాటగానే నేను ఎంతో శ్రద్ధగా గడియారాన్ని నొక్కాను. అది ఏమీ అనలేదు పాపం.

మూడో రౌండు కళ్ళు ఇంతలు చేసుకుని కూర్చున్నాను. ఇరవై మూడు నిమిషాల నలభై.

వదిన దిగి, హెల్మెట్ తీసి, నీళ్ళు తాగి, చెప్పమంది. మొదటిది చెప్పాను. రెండోదానికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ ఒక్క క్షణంలో నాకు తోచింది ఇది. కొత్త సైకిలు ఎలాగూ వేగంగానే పోతుంది. వదిన మొహం చూస్తే పీక్కుపోయి ఉంది. ఒక మంచిమాట చెప్పడానికి నా సొమ్మేం పోయింది? ఇరవయ్యొక్క నిమిషాల ముప్ఫై నాలుగు సెకన్లు అన్నాను. ఆ ముప్ఫై నాలుగు నా వృత్తి నైపుణ్యం. సరిగ్గా ఇరవయ్యొకటిన్నర అంటే ఎవరూ నమ్మరు.

వదిన నా వైపు అవసరమైనదానికంటే ఒక్క క్షణం ఎక్కువ చూసింది.

“ముప్ఫై నాలుగా?”

“ముప్ఫై నాలుగు.”

“సరే” అంది. గడియారం తీసుకుని, పెట్టుకోకుండా జేబులో వేసుకుంది.

ఇక అన్నయ్యని పట్టడం ఎవరి తరం కాలేదు. నా అంకెని తీసుకుని తొంభై కిలోమీటర్లకి హెచ్చవేశాడు. పద్నాలుగు నిమిషాలు మిగులుతాయి. నిరుడు పోయింది మూడు నిమిషాలే. నల్ల సైకిల్ని శనివారం దాకా ఎవరికీ అమ్మవద్దని తెల్ల చొక్కా ఆయనకి ఫోను చేశాడు. ఈసారి టీషర్టులు నీలం రంగులో వేయిస్తానన్నాడు. నా భుజం తట్టి, నువ్వు లేకపోతే ఈ నిజం బయటపడేది కాదురా అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ అడిగితే ఎండ తగిలిందన్నాను. పొద్దున ఆరింటికి ఎండేమిటని అడిగింది.

సోమవారం అనుకున్నాను చెప్పేద్దామని. మంగళవారం స్టాఫ్‌రూములో లెక్క వేసుకున్నాను. కొత్త సైకిలు మీద కూడా వదిన గీత దగ్గరకి ఆలస్యంగా వస్తే, కత్తెర పట్టుకున్న ఆ పెద్దావిడ పక్కన నేను కూడా నిలబడినట్టే. ఈసారి నెపం పెట్టుకోడానికి పాత సైకిలు కూడా ఉండదు. గురువారం బడి వదలగానే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను.

దుకాణం మూసే వేళ. వదిన వెనక గదిలో ఒంటరిగా ఉంది. నేను నోరు తెరిచేలోపే, నీ కళ్ళద్దాలు మార్చి నాలుగేళ్ళయింది, కూర్చో అంది. కూర్చున్నాను. దీపం ఆర్పింది. ముక్కు మీద ఆ బరువైన ఫ్రేము తగిలించింది. దాన్ని పెట్టుకుని ఏ మనిషీ గౌరవంగా మాట్లాడలేడు. అక్షరాల బోర్డు వెలిగింది. అద్దం ఒకటి వేసింది, తీసింది, వేసింది.

“ఇది బాగుందా, ఇదా?”

“రెండోది.”

“సరిగ్గా చూసి చెప్పు.”

“రెండోదే. అక్షరాలు నల్లగా ఉన్నాయి.”

“మరిదీ, నేను అద్దం మార్చలేదు. అదే తీసి అదే పెట్టాను.”

ప్రతివాళ్ళకీ మధ్యలో ఒకసారి ఇలా చేస్తుందట. ఎవరి మాట ఎంతవరకూ నమ్మొచ్చో తెలుస్తుందట. సగం మంది నాలాగే రెండోది బాగుందంటారట. వాళ్ళవి అబద్ధాలు కావు పాపం, అడిగిన మనిషిని చిన్నబుచ్చడం ఇష్టం లేక అంటారు, అంది. ఆ చీకట్లో, ముక్కు మీద ఆ ఇనుము మోస్తూ, నాకు ఇక దాచడం చేతకాలేదు.

“వదినా, ఆ రెండో రౌండు నేను చూడలేదు.”

“తెలుసు.”

“నిద్రపోయాను.”

“అదీ తెలుసు. దూరంనుంచే కనపడింది. నోరు తెరిచి పడుకున్నావు, నేను దగ్గరికొచ్చేసరికి లేచి గడియారంతో కుస్తీ పడుతున్నావు.”

“మరి అప్పుడే అడగలేదేం?”

వదిన అద్దాన్ని గుడ్డతో తుడిచింది. అది శుభ్రంగానే ఉంది.

“సగం దూరంలో పంపుహౌసు ఉంది కదా, అది దాటాక ఆగాను. పంక్చరు కాలేదు, గొలుసూ ఊడలేదు. దిగి గట్టు మీద కూర్చున్నాను. నాలుగు నిమిషాలో, అయిదో. కొత్త సైకిలు చాలా బాగుంది, దాన్ని అనడానికేం లేదు. నాకే తొక్కబుద్ధి కాలేదు. తర్వాత నువ్వొక్కడివే అక్కడ ఎదురుచూస్తుంటావు కదా అని లేచి వచ్చాను. వస్తే, ఇరవయ్యొక్క నిమిషాల ముప్ఫై నాలుగు సెకన్లన్నావు.” అద్దాన్ని పెట్టెలో పెట్టింది. “వినడానికి బాగుంది మరిదీ. తప్పంతా సైకిలుదే అని నాలుగు రోజులు నమ్మి చూద్దామనుకున్నాను.”

క్షమించమన్నాను. చెయ్యి ఊపి కొట్టిపారేసింది. ఫ్రేము తీసేసి, నా పాత కళ్ళద్దాలు తనే నా ముక్కు మీద పెట్టి, దీపం వేసింది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఇప్పుడు చెప్పు. పరీక్ష కాదిది. నన్ను చూసి ఏం కనిపిస్తోందో అది చెప్పు.”

చూశాను. నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళుగా నేను వదినని చూడలేదు, వదిన గురించి చెప్పుకోవడమే గానీ. చెంపల దగ్గర హెల్మెట్ పట్టీల గీతలు తెల్లగా ఉండిపోయాయి. కళ్ళ కింద నలుపు. కూర్చున్నా కూడా చెయ్యి మోకాలి మీదే ఉంది, దాన్ని ఎవరో ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

“అలిసిపోయావు వదినా” అన్నాను.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. తల ఆడించింది, బోర్డు మీద చివరి వరస సరిగ్గా చదివినవాళ్ళకి ఆడించినట్టు. నెమ్మదిగా అంది, “అందరూ చెయ్యగలవు చెయ్యగలవు అనేవాళ్ళే. ఆగొచ్చా అని అడగడానికి మనిషి దొరకలేదు. దుకాణంలో చెబితే నవ్వుతారు. మీ అన్నయ్యకి చెబితే…” అని చేతిలో గుడ్డ మడతపెట్టింది.

ఈ ఏడాది పందెం మానేస్తానంది. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూసుకుంటానంది, చూసుకునే ఉద్దేశం లేదని నాకు అర్థమైంది. నల్ల సైకిలు వద్దంది. ఇక మిగిలింది అన్నయ్య. పదకొండేళ్ళు నాలుగింటికి లేచి టీ పెట్టిన మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను అంది. నేనూ వస్తానన్నాను. నా వాటా తిట్లు నాకుండాలి కదా.

అన్నయ్య మేం వెళ్ళేసరికి హాల్లో నేల మీద నీలం టీషర్టు నమూనా పరిచి, అక్షరాలు ఎంత లావుండాలో స్కేలు పెట్టి చూస్తున్నాడు. ముందు నేను నా సంగతి చెప్పాను. లెక్కల మాస్టారివేనా నువ్వు అన్నాడు. తర్వాత వదిన తన సంగతి చెప్పింది. పంపుహౌసు, గట్టు, తొక్కబుద్ధి కాకపోవడం, అంతా. అన్నయ్య స్కేలు కింద పెట్టాడు. నేను సైకిలు వైపు చూస్తూ కూర్చున్నాను, ఆ గదిలో మొహమాటం లేకుండా చూడగలిగింది అదొక్కటే.

చివరికి అన్నయ్య గొంతు తగ్గించి అడిగాడు. “అంటే, ఈ ఆదివారం నాలుగింటికి లేవక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

“సోమవారం?”

“సోమవారం కూడా.”

“అబ్బ” అని సోఫాలో వెనక్కి వాలాడు. “నాకు పొద్దున్నే లేవడం చిన్నప్పటినుంచీ పడదే. నీకిష్టం కదా అని.”

వదిన తెల్లబోయి చూసింది. “నీకిష్టమనుకున్నాను. టీ కూడా పాడుతూ పెట్టేవాడివి.”

“నిద్ర ఆపుకోడానికి పాడేవాణ్ణి.”

ఇద్దరూ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇద్దరికీ ఒక్కసారే ఒళ్ళు బరువెక్కినట్టు, సోఫాకి చెరో చివర అలా ఉండిపోయారు. పదకొండేళ్ళ నిద్ర బాకీ గది నిండా పరుచుకున్నట్టుంది. కాసేపటికి అన్నయ్య టీషర్టు మడత పెట్టాడు. దాన్ని తలకింద పెట్టుకున్నాడు. నేను చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చేశాను.

శనివారం పొద్దున పది దాటాక నేనూ వదినా షోరూముకి వెళ్ళి, వద్దని చెప్పి వచ్చాం. తెల్ల చొక్కా ఆయన కారణం అడిగాడు. మీ సైకిల్లో లోపం ఏమీ లేదండీ అంది వదిన, ఆ మాట ఆయనకి బొత్తిగా అర్థం కాలేదు. అక్కణ్ణుంచి పాత సైకిల్ని నడిపించుకుంటూ చెవులాయన దగ్గరకి వెళ్ళాం. ఆయన మార్చాల్సిన సామాన్ల జాబితా రాసి గోడకి గుచ్చి ఉంచాడు. వదిన అది చూసి, గొలుసు ఒక్కటి మార్చు, అయిదో గేరు నిలబడేలా చూడు, ఆ కొమ్ములు తీసెయ్యి అంది. వాటి బదులు మామూలు హ్యాండిలు, ఎత్తుగా, కూర్చుంటే వీపు నిటారుగా ఉండేలా పెట్టమంది.

చెవులాయన మొహం చిన్నబోయింది. “అలా పెడితే గాలంతా వచ్చి మీ గుండెలకే కొడుతుంది మేడమ్. వేగం పోతుంది.”

“పోనీ.”

“మరి పందెం?”

“మానేశాను.”

ఆయన ఏదో అనబోయాడు. నువ్వు చెయ్యగలవు అనే రకం మాటే అయ్యుంటుంది, అందరి దగ్గరా అదే ఉంటుంది కదా. వదిన మొహం చూసి మింగేశాడు. పానా అందుకున్నాడు. ఉప్పు పట్టిన బోల్టు పట్టు వదల్లేదు. నూనె పోసి, తట్టి, మళ్ళీ నూనె పోసి, తల ప్రాణం తోకకొచ్చాక గానీ అది కదలలేదు. కొమ్ములు రెండూ ఊడొచ్చాయి. చెప్పుల అట్టల మెత్తల్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరి పనితనమిది అని అడిగాడు. మా అన్నయ్యదన్నాను. గట్టిగా అతికించాడే అని, పారెయ్యకుండా మేకుకి తగిలించాడు.

వదిన గోడ పక్కన బల్ల మీద కూర్చుంది. వీధిలో ఎండ బాగా ఎక్కింది. దుకాణంలో ట్యూబులు, గ్రీజు, పాత టైర్ల వాసన. చెవులాయన కొత్త హ్యాండిలు బిగించి, గొలుసు వేసి, వెనక చక్రం తిప్పి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, చక్రాన్ని అరచేత్తో ఆపి, బల్ల వైపు చూశాడు.

వదిన గోడకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆ విషయంలో నాకు మాట్లాడే హక్కు లేదు.

పనైపోయింది, ఎత్తు సరిపోయిందో లేదో కూర్చుని చూడాలి, లేపనా అని సైగ చేశాడు. వద్దన్నాను. ఆయన రేడియో చెవి మెలిపెట్టి గొంతు తగ్గించి, మరో సైకిలు ముందుకి లాక్కున్నాడు. నేను ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని వదిన పక్కన కూర్చున్నాను. ఈసారి టైము చూడలేదు.